సంభావ్యత, గణాంకాలు మొదటి నుంచి నేర్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు డిగ్రీ పిల్లలు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, రొయ్యల చెరువుల లెక్కలు రాసుకునే రైతులు పదేపదే అడిగే ప్రశ్నలివి. వరసగా చదివితే మంచిదే, చదవకపోయినా ఫర్వాలేదు. ‘అనుకుందాం’ అన్నచోట అంకెలు లెక్క కోసం వేసుకున్నవి.

నాకు లెక్కలు రావు. ఇది నేర్చుకోగలనా?

భిన్నాలు, శాతాలు వస్తే మొదలుపెట్టొచ్చు. వర్గమూలాలు ఫోన్ చూసుకుంటుంది. చాలామందికి ఈ సబ్జెక్టంటే టెన్షన్ ఎందుకంటే, పదో తరగతి లెక్కల పుస్తకంలో సాంఖ్యకశాస్త్రం (అంటే గణాంకాలే), సంభావ్యత చివరి రెండు అధ్యాయాలు. సిలబస్ అయిపోవాలన్న హడావిడిలో అవి సూత్రాలుగా మిగిలిపోతాయి, అర్థం వెనకబడుతుంది. ఆ రెండు అధ్యాయాలే మళ్లీ తీసి, ఈసారి తీరిగ్గా చదవండి.

ముందు సంభావ్యతా, గణాంకాలా?

పుస్తకాలు చాలావరకు నాణెం, పాచికలతో మొదలుపెడతాయి. నా ఉద్దేశంలో అది తిరగబడ్డ వరస. ముందు నిజమైన అంకెలు కొన్ని చేతిలోకి తీసుకోండి: మీ వీధిలో పదిమంది రైతుల దిగుబడి, లేదా నెల రోజుల కొబ్బరికాయ ధర. చిన్న నుంచి పెద్దకు పేర్చండి. కాగితం మీద గీత గీసి చుక్కలుగా పెట్టండి. ఇవన్నీ ఒక్కలా ఎందుకు లేవు అన్న అనుమానం వచ్చాక సంభావ్యతతో ఏం పనో దానంతటదే తెలుస్తుంది. ఆ తర్వాతే నమూనా చూసి మొత్తం గురించి చెప్పడం.

సగటు తెలిస్తే చాలదా?

చాలదు. ఈ సబ్జెక్టంతా ఆ ‘చాలదు’ దగ్గరే మొదలవుతుంది.

ఇద్దరు కౌలు రైతులు అనుకుందాం. మొదటాయనకి అయిదేళ్లలో ఎకరానికి వచ్చిన బస్తాలు 30, 31, 29, 30, 30. రెండో ఆయనకి 40, 38, 36, 8, 28. ఇద్దరికీ సగటు 30 బస్తాలే. కానీ రెండో ఆయన నాలుగో ఏడు, కోతకొచ్చిన చేను తుపానుకి పడిపోయింది. కౌలు ఎకరానికి 14 బస్తాలనుకుంటే, ఆ ఏడు ఆయన ఇంట్లోంచి తెచ్చి కట్టాలి. సగటు చూసి అప్పిచ్చినవాడికి ఈ తేడా కనిపించదు.

దాన్ని అంకెగా చెప్పడానికే ప్రామాణిక విచలనం. కొన్ని పుస్తకాల్లో క్రమ విచలనం అంటారు. ప్రతి అంకె సగటుకి ఎంత దూరంలో ఉందో చూడండి. రెండో ఆయనకి 10, 8, 6, –22, –2. వర్గాలు చేసి కూడితే 688. అయిదుతో భాగిస్తే 137.6, వర్గమూలం సుమారు 11.7 బస్తాలు. మొదటాయనకి ఇదే లెక్క చేస్తే 0.63. చేత్తో ఒక్కసారి చేయండి, తర్వాత ఫోన్‌కి వదిలేయండి.

‘అయిదుతో భాగించాలా, నాలుగుతోనా?’ అని ఇక్కడ తప్పకుండా అడుగుతారు. మీ దగ్గరున్నవే మొత్తం అంకెలైతే అయిదు. అవి పెద్ద సమూహంలోంచి తీసిన నమూనా అయితే నాలుగు, అంటే ఒకటి తగ్గించి. సగటు కూడా ఆ అంకెల్లోంచే తీశాం కాబట్టి అవి దానికి కాస్త దగ్గరగా కనిపిస్తాయి. ఆ లోటు పూడ్చడానికే ఈ తగ్గింపు. నాలుగుతో చేస్తే 13.1 వస్తుంది.

మధ్యగతం ఎప్పుడు వాడాలి?

మధ్యగతం అంటే చిన్న నుంచి పెద్దకు పేర్చినప్పుడు నడిమధ్య వచ్చే అంకె. ఒకరిద్దరి అంకెలు మిగతావాళ్లకంటే మరీ పెద్దవైనప్పుడు వాడాలి. తొమ్మిది ఇళ్లలో నెలకి పదిహేను వేలు, పదో ఇంట్లో ఆక్వా చెరువుల మీద పది లక్షలు వస్తే సగటు లక్ష దాటుతుంది. ఆ లక్ష ఎవరింట్లోనూ ఉండదు. మధ్యగతం పదిహేను వేలు. ఆదాయం, భూమి, ఇళ్ల ధరలు చెప్పేటప్పుడు మధ్యగతం అడగండి.

వర్షపాతం ‘సాధారణం’ అన్నారు, మా నారుమడి మాత్రం మునిగింది. లెక్క తప్పా?

తప్పు కాదు. వాతావరణ శాఖ లెక్కలో దీర్ఘకాల సగటుకి 19 శాతం తక్కువ నుంచి 19 శాతం ఎక్కువ వరకు ఏదైనా సాధారణమే. పైగా అది నెల మొత్తానికో సీజన్ మొత్తానికో కూడిన అంకె. ఇరవై అయిదు రోజులు ఎండి, చివరి మూడు రోజుల్లో కుండపోత కురిసినా నెల మొత్తం సాధారణంలోనే ఉండొచ్చు. నారుకి కావాల్సింది ఏ రోజు ఎంత పడిందన్నది.

రెండు చెరువుల రొయ్యల కౌంట్ 50, 100. కలిపి అమ్మితే సగటు కౌంట్ 75 కదా?

భీమవరం వైపు ఈ ప్రశ్న రాకుండా ఉండదు. జవాబు: అవ్వొచ్చు, కాకపోవచ్చు.

కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు అని. 50 కౌంట్ అంటే రొయ్య సగటున 20 గ్రాములు, 100 కౌంట్ అంటే 10 గ్రాములు. రెండు చెరువుల్లోనూ టన్ను చొప్పున పట్టారనుకుందాం. మొదటి దాంట్లో 50 వేల రొయ్యలు, రెండో దాంట్లో లక్ష. మొత్తం లక్షా 50 వేలు, 2,000 కిలోలు. కౌంట్ 75. ఇక్కడ మీ మాట నిజం.

ఇప్పుడు రెండింట్లోనూ లక్ష రొయ్యల చొప్పున పట్టారనుకుందాం. మొదటిది 2,000 కిలోలు, రెండోది 1,000 కిలోలు. రెండు లక్షల రొయ్యలు, 3,000 కిలోలు. కౌంట్ 67 దగ్గరికొచ్చింది. చెరువులు అవే, కౌంట్లు అవే, సరుకు పాళ్లు మారేసరికి సగటు మారింది. సగటులకి సగటు తీసే ముందు ఒక్కోదానికి ఎంత బరువివ్వాలో అడగాలి. స్కూలు ఫలితాల్లో, మండలాల దిగుబడుల్లో కూడా ఇదే పొరపాటు చేస్తుంటారు.

ఇంకోటి. చెరువంతా ఒకే సైజు ఉన్నా 60 కౌంటే, సగం పెద్దవీ సగం చిన్నవీ ఉన్నా 60 కౌంట్ రావొచ్చు. కొనేవాడు గ్రేడింగ్ చేసినప్పుడు ఆ రెండు చెరువులకీ ఒకే డబ్బు రాదు.

నమూనా ఎంత పెద్దది తీయాలి?

ఎంత పెద్దదన్న దానికంటే ముందు ఎలా తీశారన్నది చూడాలి. విసురు వల ఎప్పుడూ గట్టు దగ్గర ఒకేచోట వేస్తే ఆ మూల రొయ్యల సంగతే తెలుస్తుంది. వల కన్ను పెద్దదైతే చిన్నవి జారిపోతాయి, మీ చెరువు ఉన్నదానికంటే బాగా ఎదిగినట్టు కనిపిస్తుంది. అలా వందసార్లు వేసినా ఆ తప్పు తగ్గదు, నమ్మకం మాత్రం పెరుగుతుంది.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే చాలంటారు. గిన్నెలో వేడి అంతటా ఒకేలా ఉంటుంది కాబట్టి అది నిజం. ఊరు అలా ఉడకదు. కాలువ మొదట్లో ఉన్న చేనుకీ శివారు చేనుకీ నీరు ఒకేలా అందదు. అందుకే ప్రభుత్వం దిగుబడి లెక్కగట్టడానికి చేసే పంట కోత ప్రయోగంలో చేనునీ, ఆ చేనులో 5 మీటర్ల పొడవూ 5 మీటర్ల వెడల్పూ ఉన్న చదరాన్నీ యాదృచ్ఛిక సంఖ్యలతో, అంటే లాటరీ తీసినట్టు ఎంచుతారు. ‘బాగా పండిన మూల వదిలేసి ఇక్కడ కోశారేంటి?’ అని రైతు కోప్పడతాడు. రైతు గానీ ఉద్యోగి గానీ తనకి నచ్చిన మూల ఎంచుకోకూడదనే ఆ సంఖ్యలు.

ఎంపిక సరిగ్గా జరిగాక పరిమాణం సంగతి సులువు. అవును-కాదు ప్రశ్నలకి పొరపాటు హద్దు సుమారుగా 1 ని నమూనా సంఖ్య వర్గమూలంతో భాగిస్తే వస్తుంది. 400 మందిని అడిగితే అటూ ఇటూ 5 శాతం. దాన్ని సగానికి తేవాలంటే 800 చాలవు, 1,600 కావాలి. ఊళ్లో పదివేల మంది ఉన్నా, జిల్లాలో ఇరవై లక్షల మంది ఉన్నా ఈ అంకెలు పెద్దగా మారవు. మొదటిసారి విన్నవాళ్లెవరూ నమ్మరు.

ఇంతకీ సంభావ్యత అంటే ఏంటి?

0 నుంచి 1 వరకు ఉండే ఒక అంకె. పాచికలో ఆరు ముఖాలూ సమానమైతే ఒక్కోదానికి 1/6, అది ఆలోచించి చెప్పేది. ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆగస్టులో మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చే అవకాశం ఎంతంటే పాత రికార్డులు తిరగేసి ఎన్నేళ్లలో ఎన్నిసార్లు వచ్చిందో చూడాలి, అది లెక్కపెట్టి చెప్పేది. మూడోది నమ్మకాన్ని బట్టి చెప్పేది: ‘ఈసారి కాయ ధర పెరగడానికి డెబ్బై శాతం అవకాశం.’ మూడింటికీ కూడిక, గుణకారం సూత్రాలు ఒకటే.

ముగ్గురూ ఆడపిల్లలే పుట్టారు. నాలుగోసారి మగపిల్లాడు పుట్టే అవకాశం ఎక్కువ కదా?

కాదు. నాలుగోసారీ దాదాపు సగం సగమే. గర్భానికి పాత లెక్కలు గుర్తుండవు. నలుగురూ ఆడపిల్లలే పుట్టే అవకాశం సుమారు 1/16 అన్నది మొదటి బిడ్డ పుట్టకముందు మాట. ముగ్గురు పుట్టేశాక మిగిలింది ఒక్క కాన్పే. పెద్దవాళ్లు ‘ఈసారి తప్పకుండా’ అని కోడల్ని ఒత్తిడి చేసే ఇళ్లలో ఈ చిన్న లెక్క ఎవరైనా చెప్పాలి.

1986లో గోదావరికి వచ్చింది నూరేళ్ల వరద అంటారు. అంటే మళ్లీ 2086 దాకా రాదా?

‘నూరేళ్ల వరద’ అంటే నూరేళ్లకోసారి వంతు ప్రకారం వచ్చేది కాదు. ఏ ఏడాదైనా అంత వరద గానీ, అంతకు మించింది గానీ వచ్చే అవకాశం నూటికి ఒకటి అని అర్థం. ఈ ఏడు వచ్చినా వచ్చే ఏడు అవకాశం అదే ఒక శాతం.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. 2022లోనూ నీరు మూడో హెచ్చరిక ఇచ్చే 17.75 అడుగులు దాటింది కాబట్టి నది మధ్య లంక గ్రామాల వాళ్లకి అప్పుడూ పడవలు తప్పలేదు. 1986 వరద నిజంగా నూరేళ్లదా కాదా అన్నది ఇంజినీర్లు రికార్డులు చూసి అంచనా కట్టాల్సిన విషయం. లెక్క పద్ధతి మాత్రం ఇదీ.

లంకలో ఇల్లు కట్టుకుని ముప్పై ఏళ్లు ఉంటారనుకుందాం. ఆ ముప్పై ఏళ్లలో కనీసం ఒక్కసారి నూరేళ్ల వరద చూసే అవకాశం ఎంత? ‘కనీసం ఒకసారి’ అని కనిపించగానే ఎదురు వైపు నుంచి లెక్కపెట్టండి. ఒక ఏడు రాకపోవడానికి 0.99. ముప్పై ఏళ్లూ రాకపోవడానికి 0.99 ని ముప్పైసార్లు గుణించాలి, సుమారు 0.74 వస్తుంది. ఒకటిలోంచి తీసేస్తే 0.26. నలుగురిలో ఒకరికి పైగా. యాభై ఏళ్లకి 39 శాతం దాటుతుంది. నూరేళ్లకి 63 శాతమే, నూరు కాదు.

ఈ లెక్కలో ఒక ఏడుకీ ఇంకో ఏడుకీ సంబంధం లేదనీ, నది తీరు మారదనీ అనుకున్నాం. పైన కొత్త ఆనకట్టలు కడితే, వానల తీరు మారితే ఆ ఒక శాతమే మారుతుంది. సూత్రం నేర్చుకునే రోజే అందులో దాక్కున్న ఊహనీ రాసి పెట్టుకోండి.

సీడ్‌కి పీసీఆర్ పరీక్షలో వైట్ స్పాట్ పాజిటివ్ వచ్చింది. ఖాయంగా వైరస్ ఉన్నట్టేనా?

సీడ్ అంటే చెరువులో వదిలే రొయ్య పిల్లలు, వైట్ స్పాట్ అంటే రొయ్యలకొచ్చే తెల్లమచ్చల వైరస్ జబ్బు. శాతాలు పక్కన పెట్టి వెయ్యి బ్యాచ్‌లు ఊహించుకోండి. అందులో 20 బ్యాచ్‌లకి నిజంగా వైరస్ ఉందనుకుందాం. పరీక్ష ఉన్నవాటిలో 95 శాతం పట్టుకుంటుంది, లేనివాటిలో 5 శాతాన్ని పొరపాటున పాజిటివ్ అంటుంది అనుకుందాం. ఉన్న 20లో 19 పాజిటివ్. లేని 980లో 49 పాజిటివ్. మొత్తం 68 పాజిటివ్‌లలో నిజమైనవి 19, అంటే 28 శాతం. పరీక్ష ‘95 శాతం సరైనది’ అయినా సరే, పాజిటివ్ వచ్చిన ప్రతి నాలుగు బ్యాచ్‌లలో దాదాపు మూడింటికి వైరస్ లేదు.

అలాగని పరీక్ష దండగ అనుకోకండి. ముందు నూటికి రెండుగా ఉన్న అనుమానం ఇప్పుడు నూటికి 28కి పెరిగింది. రెండోసారి పరీక్ష చేయించడానికి అది చాలు. చుట్టుపక్కల చెరువుల్లో ఆల్రెడీ వైట్ స్పాట్ వచ్చి ఉంటే వెయ్యిలో 20 అన్న మొదటి అంకె 200 అవ్వొచ్చు, అప్పుడు జవాబు పూర్తిగా మారిపోతుంది. ఇదే బేయస్ సూత్రం. మనుషుల రక్త పరీక్షలకీ వర్తిస్తుంది. సూత్రం కంఠతా పట్టకండి, ‘వెయ్యిలో ఎన్ని’ అని పట్టిక గీయండి.

నెగెటివ్ వచ్చినప్పుడు కూడా ఒకటి అడగాలి: ఎన్ని పిల్లల్ని తీసి పరీక్షించారు? సీడ్‌లో నూటికి రెండింటికి వైరస్ ఉందనుకుందాం. 20 పిల్లలే తీస్తే ఒక్క రోగిష్టి పిల్ల కూడా నమూనాలో పడకుండా పోయే అవకాశం 67 శాతం. 150 తీస్తే 5 శాతం లోపు. వరద దగ్గర చేసిన లెక్కే, 0.99 బదులు 0.98.

సంక్రాంతి గుండాటలో గెలిచినవాళ్లు ఉన్నారు కదా, మరి లెక్క ఏం చెప్తుంది?

ఒక్కో చోట ఒక్కో పద్ధతి. ఆరు బొమ్మలు, ఒక పాచిక అనుకుందాం. పది రూపాయలు కాస్తారు. మీ బొమ్మ పడితే మీ పది కాక నలభై ఇస్తారు, లేకపోతే పది పోతుంది. ఆరు ఆటల్లో సగటున ఒకసారి నలభై వస్తుంది, అయిదుసార్లు పది చొప్పున యాభై పోతుంది. ఆరు ఆటలకి పది రూపాయల నష్టం, ఆటకి రూపాయి 67 పైసలు. దీన్నే ఆశించిన విలువ అంటారు. నలభై బదులు యాభై ఇస్తే సమానమైన ఆట. అలా ఇచ్చేవాడు బోర్డు ఎందుకు పెడతాడు?

మరి గెలిచినవాళ్లో? పది ఆటలు ఆడి లేచిన వందమందిని తీసుకుంటే సుమారు 22 మంది లాభంతో, 29 మంది సమంగా, మిగతా సగం మంది నష్టంతో లేస్తారు. ఆ 22 మంది మాటలే రచ్చబండ దగ్గర వినిపిస్తాయి, పోగొట్టుకున్నవాళ్లు ఇంట్లో కూడా చెప్పరు. ఈ పందేలు మన రాష్ట్రంలో చట్టవిరుద్ధం కూడా, అది వేరే సంగతి.

గంట ఆకారపు వక్రరేఖ అన్నిటికీ సరిపోతుందా?

లేదు. ఇది సగటు దగ్గర ఎత్తుగా ఉండి, రెండువైపులా సమంగా వాలే గీత. మనుషుల ఎత్తు, ఒకే కాటా మీద బస్తాల తూకం లాంటివాటికి బాగా సరిపోతుంది: దాదాపు 68 శాతం సగటుకి ఒక ప్రామాణిక విచలనం లోపల, 95 శాతం రెండింటి లోపల. వరద ప్రవాహం, ఆదాయం, భూమి ధర దానికి లొంగవు, వాటికి ఒకవైపు పొడవైన తోక ఉంటుంది. ఆ తోకలోనే 1986లు ఉంటాయి.

రెండు అంకెలు కలిసి పెరిగితే ఒకటి రెండోదానికి కారణమేనా?

గోదావరిలో ఎర్రనీరు దిగే రోజుల్లోనే పులస దొరుకుతుంది. దోమలు, జ్వరాలు ఎక్కువయ్యేదీ ఆ రోజుల్లోనే. పులస తిని జ్వరం తెచ్చుకున్నాడని ఎవరూ అనరు. పుస్తెలమ్మైనా తినాలనే చేప మీద అంత నింద వేసే ధైర్యం ఎవరికుంది? రెండింటి వెనకా ఉన్నది వానాకాలం. కొత్త మందు, కొత్త మేత, కొత్త ట్యూషన్ గురించి ఇలాంటి లెక్క చూపిస్తే మాత్రం వెంటనే నమ్మేస్తాం.

పి-విలువ అంటే ఏంటో తేలిగ్గా చెప్పగలరా?

టీ కప్పులో ముందు పాలు పోశారో డికాషన్ పోశారో తాగి చెప్పగలనన్న ఒకావిడ కథ ఇంగ్లండ్ గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ చెప్పాడు. మనం పూతరేకులతో చేద్దాం.

‘ఆత్రేయపురం రేకు నోట్లో పెట్టుకోగానే తెలిసిపోతుంది’ అని మీ బాబాయి అన్నారనుకోండి. ఆత్రేయపురంవి నాలుగు, వేరే ఊరివి నాలుగు, ఒకే రకం కాగితంలో చుట్టి, వరస కలిపేసి ఇవ్వండి. ఆత్రేయపురంవి ఏ నాలుగో తీసి చూపించమనండి. ఎనిమిదిలో నాలుగుని ఎంచే పద్ధతులు 70. ఊరికే ఊహిస్తే నాలుగూ సరిగ్గా పడే అవకాశం 1/70, అంటే 1.4 శాతం. అదే పి-విలువ: ఆయనకి ఏ విద్యా లేదనుకుంటే, ఇంత బాగా చెప్పడం ఎంత అరుదు? నాలుగూ సరిగ్గా చెప్తే బాబాయి మాట కొట్టిపారేయలేం.

మూడు సరిగ్గా చెప్పి ఒకటి తప్పితే? మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఊహతోనే పడే అవకాశం 17/70, నూటికి 24. ఇంట్లో అందరూ చప్పట్లు కొడతారు గానీ అది రుజువు కాదు. అలాగని బాబాయికి తెలియదనీ రుజువు కాలేదు, ఎనిమిది రేకులు చాలలేదంతే. పరీక్షల్లో పిల్లలు రాసే తప్పు ఒకటుంది: ‘పి-విలువ 1.4 శాతం కాబట్టి బాబాయి ఊహించి ఉండటానికి అవకాశం 1.4 శాతం.’ కాదు. పీసీఆర్ ప్రశ్న మళ్లీ చదివితే ఎందుకు కాదో తెలుస్తుంది. 5 శాతం గీత కూడా వాడుకలో స్థిరపడిన హద్దే, ప్రకృతి గీసింది కాదు.

మన దేశంలో ఈ విద్యకి పెద్దలెవరు?

ఇద్దరి గురించి తెలిసి ఉండాలి. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. ఆయన పుట్టినరోజు జూన్ 29 దేశంలో గణాంక దినోత్సవం. ఒరిస్సాలో బ్రాహ్మణి నదికి 1926లో పెద్ద వరద వస్తే, నది అడుగు మేట వేసిందనీ గట్లు ఎత్తు పెంచాలనీ ఇంజినీర్లు అన్నారు. ఆయన దశాబ్దాల వాన, వరద రికార్డులు పరిశీలించి అడుగు పెరగలేదని చూపించాడు. ఏటిగట్ల పక్కన బతికేవాళ్లకి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

రెండోవారు కల్యంపూడి రాధాకృష్ణ రావు, సి.ఆర్. రావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో ఎంఏ చేసి కలకత్తా వెళ్లారు. 1945లో రాసిన వ్యాసంలో, ఒకవైపు మొగ్గని అంచనా ఎంత తెలివిగా కట్టినా దాని చెదురుకి, అంటే అటూ ఇటూ ఊగడానికి, ఒక కింది హద్దు ఉంటుందని చూపించారు. క్రామర్-రావు హద్దు అంటారు దాన్ని. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చింది. అదే ఏడు 102 ఏళ్ల వయసులో పోయారు.

కంప్యూటర్, కోడింగ్ కావాలా?

మొదట్లో వద్దు. కాగితం, ఫోన్‌లో ఎక్సెల్ లాంటి పట్టిక యాప్ చాలు. తర్వాత పైథాన్ గానీ ఆర్ గానీ, ఏదో ఒక కోడింగ్ భాష నేర్చుకుంటే మంచిది, రెండూ ఉచితమే. ఎన్‌పీటీఈఎల్, స్వయం అనే ఆన్‌లైన్ చదువు పోర్టళ్లలో పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. కానీ వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఆపి, అదే లెక్క మీ అంకెలతో చేసి చూడండి.

పోటీ పరీక్షకి సూత్రాలు కంఠతా పడితే సరిపోదా?

కొన్ని మార్కులు వస్తాయి. పోయేవి ఎక్కువగా ఎక్కడ పోతాయంటే, ఎప్పుడు కూడాలో ఎప్పుడు గుణించాలో తేలని చోట. రెండూ ఒకేసారి జరగవంటే కూడండి. ఒకటి జరిగినా రెండోదానికి తేడా ఉండదంటే గుణించండి. ఈ రెండు షరతులూ లేనప్పుడు ఏ సూత్రమూ ముట్టుకోకుండా, వెయ్యిమందితో పట్టిక గీసి లెక్కపెట్టండి. పరీక్ష హాల్లో అది నిదానంగా అనిపిస్తుంది గానీ, సూత్రం గుర్తొచ్చేదాకా పైకప్పు చూడటం కంటే తొందరగానే అయిపోతుంది.